పెద్ద టాబ్‌ని పడుకుని, జారగిలబడి హాయిగా వాడుకోవడం ఎలా? (14.6 అంగుళాలు, వైజాగ్)

ఎంవీపీ_చదువరి:

అందరికీ నమస్కారం. మా అబ్బాయి ఉద్యోగంలో చేరాక నాకు శాంసంగ్ గాలక్సీ టాబ్ ఎస్9 అల్ట్రా కొనిపెట్టాడు. 14.6 అంగుళాల తెర, ఎంత బాగుందో చెప్పలేను. నా ఇబ్బందల్లా దాన్ని ఎక్కడ పెట్టుకుని, ఎలా కూర్చుని చదవాలో తెలియకపోవడమే. టాబ్ ఒక్కటే 732 గ్రాములు. దానికి కవరు కూడా తగిలిస్తే పది నిమిషాలకే మణికట్టు లాగేస్తోంది.

"చిన్నది కొనుక్కోవచ్చుగా" అని ఎవరైనా అనే ముందే కారణం చెప్పేస్తాను. నేను ఎక్కువగా చదివేవి పాత తెలుగు పుస్తకాల స్కాన్ కాపీలు, ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో దొరికే డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వాళ్ళవి. అవి పేజీలకి తీసిన ఫొటోలు కాబట్టి అక్షరం సైజు పెంచుకునే వీలుండదు. ఫోన్‌లో అయితే ప్రతి లైనుకీ కుడికీ ఎడమకీ జరుపుకోవాలి, 8 అంగుళాల టాబ్‌లో పేజీ మొత్తం కనపడుతుంది కానీ ఒత్తులు అలుక్కుపోయి ఏది 'ప'వత్తో ఏది 'వ'వత్తో తెలియదు. ఈ పెద్ద టాబ్‌లో డెమ్మీ సైజు (సుమారు 5½కి 8½ అంగుళాలు) పుస్తకం పేజీ అసలు సైజులోనే, ఇంకా కొంచెం పెద్దగానే వస్తుంది. ఇన్నాళ్ళకి కళ్ళు చిట్లించకుండా చదవగలుగుతున్నాను, దీన్ని వదులుకునే ఉద్దేశం నాకు లేదు.

మధ్యాహ్నం మంచం మీద గోడకి ఆనుకుని మోకాళ్ళు ముడుచుకుని తొడల మీద పెట్టుకుంటాను, కాసేపటికి మెడ పట్టేస్తుంది. సాయంత్రం బాల్కనీలో పడక కుర్చీలో కూర్చుంటాను, అక్కడ టాబ్‌కి ఆసరా ఏమీ లేదు, చేతుల్తోనే మొయ్యాలి. రాత్రి పక్కకి తిరిగి పడుకుని చదవాలంటే నేను తిరిగినప్పుడల్లా పేజీ కూడా తిరిగిపోతుంది. ఆన్‌లైన్‌లో, పొడుగాటి రాడ్డుని ఎటు కావాలంటే అటు వంచుకునే స్టాండ్ ఒకటి తెప్పించాం, టాబ్ బరువుకి తల వాల్చేస్తోంది, పేజీ తిప్పడానికి వేలు తగిలిస్తే చాలు అరనిమిషం ఊగుతుంది. మంచం మీద పెట్టుకునే మడత బల్ల కూడా ఉంది, అది మరీ కిందికి ఉంటోంది.

మీలో పెద్ద టాబ్‌లు వాడేవాళ్ళు ఇంట్లో ఎలా అమర్చుకున్నారో చెప్పండి. రెండు మూడు వేల దాకా ఖర్చుపెట్టగలను.

డాబాగార్డెన్స్_రవాణా:

నా మాట వింటే అది మీ అబ్బాయికే ఇచ్చేసి 11 అంగుళాలది తీసుకోండి మేడమ్. టాబ్ అనేది చేత్తో పట్టుకునే వస్తువు. స్టాండ్లూ బల్లలూ పెట్టుకునేటట్టయితే ఇంక టీవీకీ దానికీ తేడా ఏముంది.

ఫిజియో_సీతమ్మధార:

పైన చెప్పిన దాంతో నేను ఏకీభవించను. చేత్తో పట్టుకుని చదవాల్సింది ఫోన్. పెద్ద టాబ్‌కి ఉన్న అసలు లాభం ఏమిటంటే దాన్ని మనకి దూరంగా పెట్టుకోవచ్చు. అక్షరం పెద్దగా కనపడుతుంది కాబట్టి రెండడుగుల దూరంలో ఉన్నా చదవగలం. దాన్ని కూడా ఫోన్‌లాగా ఒళ్ళో పెట్టుకుంటేనే ఈ నొప్పులన్నీ.

నేను ఫిజియోథెరపిస్టుని, మెడ నొప్పితో వచ్చేవాళ్ళలో పుస్తకాలు చదివేవాళ్ళని కూడా చూస్తుంటాను. మేడమ్ గారు చెప్పిన మొదటి భంగిమ, అంటే గోడకి ఆనుకుని తొడల మీద పెట్టుకోవడం, అందులో తల బాగా ముందుకి వంగిపోతుంది. 2014లో కెన్నెత్ హన్స్‌రాజ్ అనే అమెరికన్ వెన్నెముక సర్జన్ ఒక లెక్క వేశారు. తల నిటారుగా ఉన్నప్పుడు మెడ మీద పడే బరువు దాదాపు 5 కిలోలు, 15 డిగ్రీలు వంచితే 12 కిలోల దాకా, 30 డిగ్రీలకి 18, 60 డిగ్రీలకి 27 కిలోల దాకా. అది కంప్యూటర్ మోడల్‌తో కట్టిన లెక్క, మనుషుల మెడల మీద కొలిచింది కాదు, కాబట్టి అంకెల్ని పట్టుకుని భయపడక్కర్లేదు. కానీ వంపు పెరిగేకొద్దీ మెడ కండరాల మీద భారం పెరుగుతుందన్నది నిజం, మీ మెడే మీకు ఆ సంగతి చెబుతోంది కదా.

కాబట్టి టాబ్‌ని కళ్ళ దగ్గరికి ఎత్తాలి, తలని టాబ్ దగ్గరికి దించకూడదు. గోడకి ఆనుకునేటప్పుడు ముందు నడుము దగ్గర ఒక చిన్న దిండు పెట్టుకోండి, లేకపోతే కిందికి జారిపోయి వీపు గూనిలా వంగుతుంది, ఆ తర్వాత టాబ్ ఎంత ఎత్తున పెట్టినా లాభం లేదు. మోకాళ్ళ కింద ఇంకో దిండు. మడత బల్ల పారెయ్యకండి, దాని మీద ఒక గట్టి పెట్టెనో, రెండు లావుపాటి నిఘంటువుల్నో పెట్టి, వాటి మీద టాబ్‌ని ఏటవాలుగా నిలబెట్టండి. తెర పై అంచు మీ కళ్ళ ఎత్తుకి వస్తే చాలు. చేతులు ఖాళీగా, రెండు మోచేతుల కింద చెరో దిండు. ఈ మోచేతుల సంగతి ఎవరూ పట్టించుకోరు, నిజానికి భుజాలు పట్టెయ్యడానికి సగం కారణం మోచేతులు గాల్లో వేలాడ్డమే.

పక్కకి తిరిగి పడుకున్నప్పుడు తలగడ భుజానికీ చెవికీ మధ్య ఉన్న ఖాళీని పూర్తిగా నింపేంత ఎత్తుండాలి. టాబ్‌ని కూడా మీతోపాటే పక్కకి తిప్పి, మంచం మీద దాని అంచు ఆనేలా నిలబెట్టి, వెనక బాలీసు పెట్టండి. ఒక చెయ్యి బరువు మొయ్యడానికి వాడారంటే ఆ భుజం తెల్లారేసరికి చెబుతుంది. ఒకే వైపు పడుకోకుండా మధ్యలో అటూ ఇటూ మారండి. వెల్లకిలా పడుకుని మొహం మీదుగా టాబ్ ఎత్తి పట్టుకోవడం మాత్రం వద్దు, ఈ బరువు జారి పడితే ముక్కుకో పంటికో దెబ్బ తగులుతుంది. బోర్లా పడుకుని చదవడం కూడా ఐదు పది నిమిషాలకి మించి వద్దు.

కళ్ళ సంగతి: ప్రతి 20 నిమిషాలకీ 20 అడుగుల దూరంలో ఉన్న దేన్నైనా 20 సెకన్లు చూడమని కంటి డాక్టర్లు చెబుతారు. బాల్కనీలో కూర్చుంటారు కాబట్టి మీకది తేలిక. చదువులో పడితే రెప్ప వెయ్యడం మర్చిపోతాం, అదీ గుర్తుపెట్టుకోండి. చేతుల్లో తిమ్మిరి గానీ, మెడ నుంచి చేతిలోకి లాగే నొప్పి గానీ ఉంటే మాత్రం దిండ్లతో సరిపెట్టుకోకుండా డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

మధురవాడ_కోడర్:

స్టాండ్ ఎందుకు ఊగుతోందో చెప్తానండి. ఆ వంచే రాడ్డు పొడవు ఎక్కువ, చివర ముప్పావు కిలో బరువు, మీరు వేలు తగిలించేది ఇంకా చివర. రాడ్డు ఎంత పొడుగ్గా ఉంటే వేలి దెబ్బకి అంత ఊగుతుంది, ఏ కంపెనీదైనా ఇంతే. పైగా వాటిలో చాలావాటికి పట్టు 12.9 లేదా 13 అంగుళాల దాకానే ఉంటుంది, మీది 14.6. కొనేముందు ఎన్ని అంగుళాల దాకా, ఎన్ని గ్రాముల దాకా అని రెండూ చూడాలి. ఉన్నదాన్నే వాడాలంటే రాడ్డుని వీలైనంత పొట్టిగా వంచి, మంచం తలకట్టుకి బిగించండి, కొంత నయం.

నేను 12.9 ఐప్యాడ్ ప్రో వాడతాను (682 గ్రాములు). మొదట మానిటర్‌కి వాడే గ్యాస్ స్ప్రింగ్ ఆర్మ్ (బరువుని మోస్తూ ఎటు జరిపితే అక్కడే నిలిచే స్టాండ్) తెచ్చి బిగించాను. అక్కడో సంగతి ఉంది, ఆ ఆర్మ్‌లకి కనీస బరువు అని ఉంటుంది, చాలావాటికి రెండు కిలోలు. ఒట్టి టాబ్ తగిలిస్తే అది పైకి లేచిపోతుంది. ల్యాప్‌టాప్ ట్రే తగిలించి, దాని మీద టాబ్ పెడితే బరువు సరిపోయి కుదురుగా నిలబడింది. వేలు తగిలినా కదలదు. మంచం పక్క టేబుల్‌కి బిగించాను, కావాలంటే మీదికి లాక్కుంటాను, అక్కర్లేనప్పుడు గోడకి తోసేస్తాను. ట్రేతో కలిపితే మీ బడ్జెట్ దాటే అవకాశం ఉంది, అది చూసుకోండి.

కానీ అంతకంటే ముందు ఖర్చు లేనివి చెయ్యండి. పై నుంచి వేలితో కిందికి లాగితే వచ్చే బటన్లలో ఆటో రొటేట్ ఆపెయ్యండి, పక్కకి పడుకున్నా పేజీ తిరగదు. తర్వాత, స్కాన్ పుస్తకాల్లో చుట్టూ తెల్ల మార్జిన్ ఎంతో వృథాగా ఉంటుంది. రీడ్‌ఎరా, కేఓరీడర్ లాంటి యాప్‌లలో మార్జిన్ కత్తిరించే సదుపాయం ఉంది, అది ఆన్ చేస్తే అక్షరాలు ఇంకాస్త పెద్దవవుతాయి. ఫిజియో గారు దూరంగా పెట్టమన్నారుగా, దానికి ఇది బాగా పనికొస్తుంది.

మూడోది, పేజీ తిప్పడానికి తెర ముట్టుకోకండి. ఐదారు వందల్లో బ్లూటూత్ మౌస్ వస్తుంది, దుప్పటి మీద చెయ్యి పక్కన పడేసి చక్రం తిప్పుకుంటూ చదవొచ్చు. ఆండ్రాయిడ్‌కి మామూలుగా కలుస్తుంది, ఐప్యాడ్‌లకి కూడా 2020 నుంచి సరిగ్గా పనిచేస్తోంది. సంగీతం వాయించేవాళ్ళు నొటేషన్ పేజీలు కాలితో తిప్పుకునే బ్లూటూత్ పెడల్ కూడా ఉంటుంది, ధర ఎక్కువ, మీకు మౌస్ చాలు. చేత్తో ముట్టుకోవడం మానేస్తే ఊగే స్టాండ్ కూడా పనికొచ్చేస్తుంది, సగం సమస్య అక్కడే తీరిపోతుంది.

ఇంకొకటి, కీబోర్డ్ కవరు ఉంటే చదివేటప్పుడు తీసెయ్యండి. ఆ పెద్ద కీబోర్డ్ కవర్లలో కొన్ని దాదాపు టాబ్ అంత బరువుంటాయి.

ఎంవీపీ_చదువరి:

ఎంత ఓపిగ్గా రాశారండీ, ఇద్దరికీ కృతజ్ఞతలు. రొటేట్ ఆపడం ఇప్పుడే చేశాను. నిఘంటువులు రెండు పెట్టి మడత బల్ల మీద నిలబెడితే మెడకి నిజంగానే తేడా తెలుస్తోంది, కానీ టాబ్ కింద అంచు ముందుకి జారుతోంది. నేల మీద చాప వేసుకుని కూర్చుని చదివే అలవాటు కూడా ఉంది నాకు, దానికి ఏదైనా ఉందా?

పెదవాల్తేరు_మాస్టారు:

అమ్మా, నేల మీద కూర్చుని బరువైన గ్రంథం చదవడానికి మన ఇళ్ళలో వ్యాసపీఠం ఎప్పటి నుంచో ఉంది. రామాయణమో భాగవతమో పారాయణ చేసేవాళ్ళ ముందు ఉండేది చూసే ఉంటారు, రెండు చెక్కలు ఒకదాంట్లో ఒకటి దూరి, తెరిస్తే కత్తెరలా నిలబడుతుంది. పుస్తకాన్ని చేత్తో మొయ్యకుండా, నేలకి తాకనివ్వకుండా, గంటల తరబడి చదవడానికే దాన్ని చేశారు. మీకు కావలసింది కూడా అదే కదా.

నేను రిటైరైన తెలుగు మాస్టార్ని, పద్యకావ్యాల స్కాన్‌లు మీలాగే పెద్ద ఐప్యాడ్‌లో చదువుతాను. పూర్ణా మార్కెట్ దగ్గర పూజా సామాన్ల దుకాణాల్లో అడిగితే వ్యాసపీఠాలు చూపిస్తారు, అయితే మామూలుగా దొరికేవి చిన్నవి. తెరిచిన పుస్తకానికైతే రెండు రెక్కలూ పనికొస్తాయి, టాబ్ ఒకే పలక కాబట్టి ఒక రెక్కకి ఆనించి, కింద అంచుని రెండు చెక్కలూ కలిసే చోట కూర్చోబెట్టాలి. అప్పుడది జారదు. కానీ మరీ వెనక్కి వాలి ఉంటుంది, పైగా ఎత్తు చాలదు. అందుకని నేను దాన్ని ఒక పీట మీద పెట్టి వాడాను కొన్నాళ్ళు.

తర్వాత వడ్రంగి చేత కొలతలిచ్చి వేరేగా చేయించుకున్నాను. మీ టాబ్ కొలతలు చూశాను, పొడవు 326 మిల్లీమీటర్లు, వెడల్పు 208, అంటే సుమారు 13 అంగుళాలకి 8¼. నిలువుగా పెట్టి చదువుతారు కాబట్టి వెనక ఆనే చెక్క ఎత్తు కనీసం 9 అంగుళాలు, వెడల్పు 8 ఉండేలా చెప్పండి, లేకపోతే పై భాగం గాల్లో వేలాడి, వేలు తగిలితే వెనక్కి తూగుతుంది. కింద అంచు నిలవడానికి ముందు భాగంలో ఒక పట్టీ కొట్టించండి, అర అంగుళం ఎత్తు చాలు, ఎక్కువైతే పేజీ కింది లైన్లు కప్పేస్తుంది. పట్టీకి లోపల వైపు ఫెల్ట్ గుడ్డ అంటించండి, గీతలు పడవు. మీ టాబ్‌కి చార్జింగ్ పెట్టేది పొట్టి వైపు ఉంటుంది, నిలువుగా పెట్టినప్పుడు అది కిందికి రాకుండా తిప్పి పెట్టుకుంటే వైరు పట్టీకి అడ్డం రాదు.

వాలు సంగతి మీరు కూర్చునే తీరుని బట్టి ఉంటుంది, అందుకే వెనక కాలుకి మూడు గాళ్ళు పెట్టించాను, పడక కుర్చీ వాలు మార్చుకుంటామే అలాగ. నేల మీద కూర్చుంటే కొంచెం వాల్చి, మంచం మీద మడత బల్ల పైన పెడితే దాదాపు నిటారుగా. నాకు మొత్తం పదిహేను వందల లోపే అయింది, చెక్క కూడా అందులోనే. మామూలు చెక్కే, టేకు అయితే పెరుగుతుంది.

మన తెలుగు పుస్తకాలు చదవడానికే మీరు ఇంత వెతుక్కోవడం నాకు ఎంతో సంతోషంగా ఉందమ్మా. ఆ స్కాన్‌లలో ఎంత సాహిత్యం ఉందో, చదివేవాళ్ళే తక్కువ.

లాసన్స్‌బే_బాల్కనీ:

బాల్కనీ గురించి ఎవరూ చెప్పలేదు, మాది సముద్రం వైపు బాల్కనీ కాబట్టి నేను చెప్తాను. మన తీరం తూర్పు వైపుకి ఉంది, పొద్దున పూట సూర్యుడు నేరుగా మొహం మీదే. తెర మీద వెలుగు పడి ఏమీ కనపడదు, కనపడాలని బ్రైట్‌నెస్ పెంచితే టాబ్ వేడెక్కుతుంది. మెరుపు తగ్గించే మ్యాట్ ఫిల్మ్ అంటించుకోవచ్చు గానీ, సన్నటి ఒత్తులు చదివేవాళ్ళకి నేను సిఫార్సు చెయ్యను, అక్షరం పదును కాస్త తగ్గుతుంది. సాయంత్రం నాలుగు దాటాక ఎండ బిల్డింగ్ వెనక్కి వెళ్ళిపోతుంది, అప్పుడు ఏ ఫిల్మూ అక్కర్లేదు.

పడక కుర్చీకి నేను చేసేది చెప్తాను. కుర్చీ రెండు చేతుల మీదుగా అడ్డంగా ఒక పలక పెట్టాను, నున్నగా చెయ్యించిన చెక్క, రెండు చివర్లా కింద చిన్న ముక్కలు కొట్టించాను, పక్కలకి జారదు. దాని మీద మామూలు మడత టాబ్ స్టాండ్, అల్యూమినియంది. బరువంతా కుర్చీ మీదే, నా మీద ఏమీ లేదు. లేచేటప్పుడు పలక ఎత్తి పక్కన పెట్టాలి, అదొక్కటే పని.

మే నెలలో మధ్యాహ్నం బయట పెట్టకండి. యాపిల్ వాళ్ళు ఐప్యాడ్‌లకి 35 డిగ్రీల దాకా అని రాస్తారు, మన దగ్గర ఎండాకాలంలో అది మామూలుగానే దాటుతుంది. మంచం మీద కూడా మెత్తటి దిండు మీదో దుప్పటి మీదో పడుకోబెట్టి చార్జింగ్ పెట్టవద్దు, వెనక వేడి పోవడానికి దారి ఉండదు.

ఉక్కునగరం_ఫిట్టర్:

సముద్రం వైపు బాల్కనీ మాట వచ్చింది కాబట్టి స్క్రూల గురించి ఒక మాట. ఉప్పుగాలికి ఇనప స్క్రూలు త్వరగా తుప్పు పడతాయి, చెక్క మీద మరక పడుతుంది, కీలు బిగుసుకుపోతుంది. వడ్రంగికి స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలు, కీళ్ళు వెయ్యమని గట్టిగా చెప్పండి. 304 గ్రేడు ఇంట్లోకి సరిపోతుంది, బాల్కనీలోనే వదిలేసేటట్టయితే 316 మంచిది, అందులో మాలిబ్డినం ఉంటుంది, ఉప్పుకి తట్టుకుంటుంది. ప్లైవుడ్ అయితే అంచులకి పాలిష్ వేయించండి, ఇక్కడి తేమకి విచ్చుకుంటుంది.

టాబ్‌కి ఐపీ68 (నీళ్ళనీ దుమ్మునీ తట్టుకుంటుందనే రేటింగు) ఉంది కదా అని బాల్కనీలో వదిలెయ్యకండి మేడమ్. ఆ పరీక్ష మంచినీళ్ళతో చేస్తారు, ఉప్పు లెక్క వేరు. వాడిన తర్వాత చార్జింగ్ సాకెట్‌లోకి తడి గుడ్డ పోనివ్వకుండా మిగతా ఒళ్ళంతా మెత్తటి గుడ్డతో తుడిచి లోపల పెట్టుకోండి.

ఎంవీపీ_చదువరి:

మా వడ్రంగిని పిలిచి మాస్టారు గారి కొలతలే ఇచ్చాను, స్టీలు స్క్రూల సంగతీ చెప్పాను. ఈలోగా మౌస్ తెచ్చుకున్నాను. రాత్రి పక్కకి పడుకుని, బాలీసుకి టాబ్ ఆనించి, రొటేట్ ఆపేసి, చక్రం తిప్పుకుంటూ చదివాను, చెయ్యి నొప్పి అన్న మాటే లేదు. మార్జిన్లు కత్తిరించాక అక్షరాలు ఎంత పెద్దగా వచ్చాయంటే అద్దాలు లేకుండానే కాసేపు చదవగలిగాను.

మాస్టారూ, ఒక్క సందేహం. ఆ మూడు గాళ్ళు ఎంతెంత దూరంలో పెట్టించారు? మా వడ్రంగి అడుగుతున్నాడు.

పెదవాల్తేరు_మాస్టారు:

గాడికీ గాడికీ మధ్య అంగుళంన్నర అమ్మా. వెనక కాలు పొడవు 7 అంగుళాలు. కానీ గాళ్ళు చెక్కే ముందు టాబ్‌ని చేతికిచ్చి, మీరు చాప మీదా మంచం మీదా కూర్చుని చూపించండి, మీ కళ్ళ ఎత్తుకి సరిపోయే చోట పెన్సిల్‌తో గుర్తు పెట్టించి అక్కడే కొట్టించండి. నా ఎత్తు వేరు, మీ ఎత్తు వేరు.